లిఫ్ట్ బాగుంటేనే టవర్: బిల్డింగ్ మేనేజ్‌మెంట్ గేమ్స్‌లో మజా ఎక్కడుంది, ఎక్కడ పోతోంది?

ఉదయం 9:40. గచ్చిబౌలిలో ఒక ఐటీ బిల్డింగ్ లాబీ. నా ముందు కనీసం 40 మంది ఉన్నారు. ఆరు లిఫ్టుల్లో ఒకటి రిపేర్‌లో ఉంది. రెండు లిఫ్టులు ఒకదాని వెనకాల ఒకటి 17వ ఫ్లోర్‌కి వెళ్లి అక్కడే కూర్చున్నాయి. 9:45కి స్టాండప్ మీటింగ్. అందరూ ఫోన్లు చూసుకుంటుంటే నేను మాత్రం లిఫ్ట్ పైన మారే నంబర్లు చూస్తూ, "పొద్దున పూట ఒక లిఫ్ట్‌ని లాబీలోనే ఆపి ఉంచొచ్చు కదా, ఒకదాన్ని పై ఫ్లోర్లకి మాత్రమే వదలొచ్చు కదా" అని లోపల లెక్కలేసుకుంటున్నా.

లిఫ్టుల గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు. 1994లో వచ్చిన ఒక గేమ్ నేర్పింది.

ఈసారి ఫోన్ రివ్యూ కాదు, గేమ్స్ ముచ్చట. అది కూడా షూటింగ్, రేసింగ్ కాదు. ఒక ఖాళీ స్థలం ఇస్తారు, చేతిలో కొంచెం డబ్బు పెడతారు, అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోవాలి. ఆఫీసులు అద్దెకివ్వాలి, ఫ్లాట్లు అమ్మాలి, హోటల్ నడపాలి. వినడానికి ఇది గేమా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఉద్యోగమా అనిపిస్తుంది. కానీ ఒక్కసారి కూర్చుంటే రాత్రి రెండింటి దాకా లేవలేం. ఎందుకలా? అలా కట్టిపడేసిన గేమే కొన్నాళ్లకి ఎందుకు బోర్ కొడుతుంది? రెండూ మాట్లాడుకుందాం.

సిమ్‌టవర్: ఇందులో హీరో లిఫ్టే

ఈ జానర్‌కి మూలం సిమ్‌టవర్. జపాన్‌కి చెందిన యూట్ సైటో దీన్ని తయారు చేశాడు. అక్కడ దాని పేరు "ది టవర్". సిమ్‌సిటీ తీసిన మాక్సిస్ కంపెనీ దాన్ని అమెరికాలో రిలీజ్ చేస్తూ సిమ్‌టవర్ అని పేరు మార్చింది. తర్వాత డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ మీద మనిషి ముఖమున్న చేపతో మాట్లాడించే "సీమన్" అనే వింత గేమ్ తీసింది కూడా ఇదే సైటో.

సైటోకి మొదట వచ్చిన ఆలోచన బిల్డింగ్ కాదు, లిఫ్ట్. గేమ్ మొదలైందే లిఫ్ట్ సిమ్యులేషన్‌గా. లిఫ్టులు ఎలా నడుస్తాయో చెప్పమని ఒక లిఫ్ట్ కంపెనీని అడిగితే వాళ్లు కుదరదన్నారట. చివరికి టోక్యోలోని సన్‌షైన్ 60 అనే ఎత్తైన బిల్డింగ్ మేనేజర్ దగ్గర నిర్వహణ సంగతులు తెలుసుకున్నాడు. గేమ్ ఆడితే ఆ పిచ్చి ఎంతో అర్థమవుతుంది.

మామూలు లిఫ్ట్ గరిష్ఠంగా 30 అంతస్తుల వరకే తిరుగుతుంది. టవర్ మాత్రం 100 అంతస్తుల దాకా కట్టొచ్చు. అంటే ఒకే లిఫ్ట్‌లో కింద నుంచి పైకి పోవడం కుదరదు. ప్రతి 15 అంతస్తులకి ఒక స్కై లాబీ కట్టుకోవాలి. ఎక్స్‌ప్రెస్ లిఫ్ట్ జనాన్ని ఆ లాబీ దాకా తీసుకెళ్తుంది. అక్కడ దిగి మామూలు లిఫ్ట్ ఎక్కి తమ ఫ్లోర్‌కి పోతారు. మన ఊరి నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో సికింద్రాబాద్ వచ్చి అక్కడ సిటీ బస్సు పట్టుకున్నట్టే. ఒక మెలిక కూడా ఉంది: గేమ్‌లో జనం ఒక్కసారికి మించి లిఫ్ట్ మారరు. రెండుసార్లు మారాల్సి వస్తే ఆ ఫ్లోర్‌కి అసలు రారు.

ఇది గేమ్ కోసం పుట్టించిన రూల్ కాదు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో 44, 78 అంతస్తుల్లో స్కై లాబీలు ఉండేవి. దుబాయ్ బుర్జ్ ఖలీఫాలో ఇప్పటికీ ఆ పద్ధతే. కారణం చాలా సింపుల్. బిల్డింగ్ ఎత్తు పెరిగేకొద్దీ జనం పెరుగుతారు, జనం పెరిగితే లిఫ్టులు పెరగాలి. కానీ ఒక్కో లిఫ్ట్ గొట్టం ప్రతి ఫ్లోర్‌లోనూ కొంత స్థలం మింగేస్తుంది. ఆ స్థలానికి అద్దె రాదు. లిఫ్టులు తక్కువైతే జనం తిడతారు, ఎక్కువైతే అద్దెకివ్వడానికి చోటు మిగలదు. ఆకాశహర్మ్యం అంటే ఈ రెండింటి మధ్య రాజీ.

సిమ్‌టవర్‌లో ఆ రాజీ మన చేతిలో ఉంటుంది. లిఫ్ట్ విండో తెరిస్తే అదొక టైమ్‌టేబుల్. వీక్ డేస్‌లో ఎలా తిరగాలి, వీకెండ్‌లో ఎలా తిరగాలి, ఏ టైమ్‌లో పైకి ఎక్స్‌ప్రెస్, ఏ లిఫ్ట్ ఖాళీగా ఉన్నప్పుడు ఏ ఫ్లోర్‌లో ఆగాలి, అన్నీ మనమే పెట్టాలి. పెట్టకపోతే? లిఫ్ట్ ముందు నిలబడ్డ నల్లటి చిన్న బొమ్మలు మెల్లగా గులాబీ రంగులోకి, తర్వాత ఎర్రగా మారతాయి. ఎర్రగా అయ్యారంటే ఇక మన టవర్‌లో ఎక్కువ రోజులు ఉండరు.

బొమ్మల కొలువు, ఓఎస్ క్లాసు

ఇంతకీ దీంట్లో అంత మజా ఏంటి? నా వరకు రెండు కారణాలు.

మొదటిది చూపు. బిల్డింగ్‌ని నిలువునా కోసి పెట్టినట్టు గదులన్నీ ఒకేసారి కనపడతాయి. చిన్నప్పుడు సంక్రాంతికి ఇంట్లో బొమ్మల కొలువు పెడితే మెట్టు మెట్టుకీ ఒక లోకం ఉండేది. ఇక్కడ పెళ్లి, పక్కన కోమటి అంగడి, కింద మెట్టు మీద పొలం. సిమ్‌టవర్ చూస్తే అదే ఫీలింగ్. తేడా ఏంటంటే ఈ బొమ్మలు కదులుతాయి. ఉదయం ఆఫీసులు నిండుతాయి, మధ్యాహ్నం జనమంతా ఒక్కసారిగా హోటళ్ల మీద పడతారు, సాయంత్రం కిందికి వరద. రాత్రి కిటికీల్లో లైట్లు ఒక్కొక్కటిగా ఆరిపోతాయి. ఏమీ చేయకుండా చూస్తూ కూర్చున్నా బాగుంటుంది.

రెండోది, ముఖ్యంగా మనలాంటి సీఎస్ఈ బ్యాచ్‌కి, పజిల్. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో డిస్క్ షెడ్యూలింగ్ గుర్తుందా? స్కాన్ అల్గారిథమ్ అంటే డిస్క్ హెడ్ ఒక వైపు వెళ్తూ దారిలో ఉన్న రిక్వెస్టులన్నీ పూర్తి చేసి, ఆ చివర నుంచి వెనక్కి తిరుగుతుంది. దాని రెండో పేరే ఎలివేటర్ అల్గారిథమ్. ఎగ్జామ్‌లో 5 మార్కుల కోసం బట్టీ పట్టాను, రాశాను, మర్చిపోయాను. ఈ గేమ్‌లో 22వ ఫ్లోర్ జనం ఎర్రబడుతుంటే, వచ్చిన లిఫ్ట్ కింది ఫ్లోర్లలోనే నిండిపోయి వాళ్ల దగ్గరికి చేరేసరికి చోటు లేకపోతే, అప్పుడు అర్థమైంది సగటు వెయిటింగ్ టైమ్ బాగున్నంత మాత్రాన అందరికీ బాగున్నట్టు కాదని. సర్వర్ డాష్‌బోర్డులో సగటు ఆకుపచ్చగానే ఉంటుంది, ఎక్కడో ఒక యూజర్‌కి మాత్రం పేజీ ఓపెన్ అవ్వదు. అదే కథ.

హోటల్ గదులు కడితే హౌస్‌కీపింగ్ పెట్టాలి. గది శుభ్రం చేయకపోతే బొద్దింకలు పడతాయి, అవి పక్క గదులకి కూడా పాకుతాయి. ఫ్లాట్ పక్కన గోల ఉంటే అందులో ఉండేవాళ్లు అలుగుతారు. అప్పుడప్పుడు బాంబు బెదిరింపు కాల్ వస్తుంది, నిప్పంటుకుంటుంది. జనాభా పెరిగేకొద్దీ స్టార్లు వస్తాయి. ఐదు స్టార్ల తర్వాత చివరి హోదా కావాలంటే 100వ అంతస్తులో ఒక కెథడ్రల్ కట్టాలి. 100 అంతస్తులు ఎక్కి చివరికి పైన గుడి కట్టడం అనే ఐడియా మనకి కొత్తేం కాదు, తిరుమలకి మెట్లెక్కే జనం మనం.

టైనీ టవర్: జేబులో పట్టే టవర్, జేబుకి చిల్లు

2011లో మార్ష్ సోదరులు ఇద్దరూ కలిసి నడిపే నింబుల్‌బిట్ అనే చిన్న స్టూడియో టైనీ టవర్ తీసుకొచ్చింది. పిక్సెల్ బొమ్మలు, ఒక్కో ఫ్లోర్‌కి ఒక్కో షాపు లేదా ఇళ్లు, లోపల "బిటిజన్స్" అనే జనం. ఒక్కో బిటిజన్‌కి ఒక కలల ఉద్యోగం ఉంటుంది. అది ఇప్పిస్తే మురిసిపోతారు. బిట్‌బుక్ అని వాళ్లకో ఫేస్‌బుక్ లాంటిది కూడా ఉంది, అందులో వాళ్లు పెట్టే పోస్టులు చదివితే నవ్వొస్తుంది. ఆ ఏడాది యాపిల్ దీన్ని ఐఫోన్ గేమ్ ఆఫ్ ది ఇయర్‌గా ఎంచుకుంది. 2012లో జింగా కంపెనీ డ్రీమ్ హైట్స్ అనే గేమ్ తెచ్చినప్పుడు, రెండు గేమ్స్ స్క్రీన్లని పక్కపక్కన పెట్టి నింబుల్‌బిట్ వాళ్లు వెటకారంగా రాసిన బహిరంగ లేఖ అప్పట్లో పెద్ద చర్చ అయింది.

ఇక్కడా లిఫ్ట్ ఉంది. కానీ అది పజిల్ కాదు. కింద ఎవరో వస్తారు, మనం వేలితో నొక్కి పట్టుకుని వాళ్ల ఫ్లోర్ దాకా తీసుకెళ్తే టిప్ ఇస్తారు. అంటే మనం బిల్డింగ్ డిజైనర్ నుంచి లిఫ్ట్ ఆపరేటర్‌గా మారిపోయాం. సరదాగానే ఉంటుంది, ఒక వారం. తర్వాత తెలుస్తుంది, ఈ గేమ్‌లో మనం మేనేజ్ చేసేది బిల్డింగ్‌ని కాదు, టైమర్లని. సరుకు రావడానికి కొన్ని నిమిషాలు, కొన్ని గంటలు. కొత్త ఫ్లోర్‌కి ఇంకా ఎక్కువ. ఆగలేకపోతే "బక్స్" ఖర్చు పెట్టు, బక్స్ అయిపోతే అసలు డబ్బుతో కొను.

సిమ్‌టవర్‌లో వెయిటింగ్ అంటే మనం చేసిన తప్పు. మొబైల్ టవర్ గేమ్స్‌లో వెయిటింగే అమ్మే సరుకు. ఈ జానర్‌లో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే అని నా అభిప్రాయం.

దీని దెబ్బ నేను స్వయంగా తిన్నాను. గేమ్ పేరు చెప్పను, ఇలాంటిదే ఒక మొబైల్ టవర్ గేమ్. అప్పుడు నాది మొదటి ఉద్యోగం, నెలకో వారం నైట్ ఆన్‌కాల్ ఉండేది. గేమ్ నోటిఫికేషన్లు ఆన్‌లోనే ఉన్నాయి. రాత్రి ఒకటిన్నరకి "మీ బేకరీలో సరుకు అయిపోయింది" అని మోగితే ఆఫీసు అలర్ట్ అనుకుని ఉలిక్కిపడి లేచేవాణ్ని. చూసి, బేకరీ నింపి, పడుకునేవాణ్ని. మూడో రోజు రాత్రి మళ్లీ మోగింది. బేకరీయేలే అని కళ్లు మూసుకునే స్వైప్ చేసి పడేశా. అది బేకరీ కాదు. మా పేమెంట్ సర్వీస్. 40 నిమిషాలు డౌన్. పొద్దున కాల్‌లో మేనేజర్ "అలర్ట్ ఎందుకు మిస్ అయింది?" అంటే "ఫోన్ సైలెంట్‌లో ఉంది సర్" అన్నాను. కేకుల గొడవ అని ఎలా చెప్తాం? ఆ రోజే గేమ్ తీసేశా. 64 అంతస్తులు పోయాయి. ఒక్క అంతస్తు కూడా గుర్తు రాలేదు, అదీ అసలు బాధ.

ప్రాజెక్ట్ హైరైజ్: పైపులు, వైర్లు, వ్యాపారం

2016లో షికాగోకి చెందిన సోమాసిమ్ స్టూడియో ప్రాజెక్ట్ హైరైజ్ తెచ్చింది. సిమ్‌టవర్‌కి వారసుడు కావాలని ఎదురుచూసినవాళ్లకి ఇదే దొరికింది. చూడటానికి నీట్‌గా, పాత అమెరికన్ ఆఫీసు బిల్డింగ్ లుక్‌తో ఉంటుంది.

ఇక్కడ ఫోకస్ లిఫ్ట్ నుంచి వైరింగ్ మీదకి మారింది. ప్రతి ఫ్లోర్‌కీ కరెంటు, ఫోన్, నీళ్లు, గ్యాస్, కేబుల్ టీవీ లైన్లు లాగాలి. లాయర్ ఆఫీసు రావాలంటే కొరియర్, ఫోటోకాపీ సర్వీసు బిల్డింగ్‌లో ఉండాలి. రెస్టారెంట్ పెడితే చెత్త తీసేవాళ్లు కావాలి, వాసన పక్కవాళ్లకి రాకూడదు. ఎవరికి ఏం కావాలో ముందే చదువుకుని ఫ్లోర్ ప్లాన్ వేసుకోవడం మంచి మజా. సినారియోలు కూడా బాగున్నాయి, మామూలు ఆటలో బోర్ కొడితే ఒక లక్ష్యం ఇస్తాయి.

కానీ లిఫ్ట్? ఉంది, అంతే. టైమ్‌టేబుల్ లేదు, ఏ లిఫ్ట్ ఎక్కడ ఆగాలో చెప్పే పని లేదు. చాలకపోతే ఇంకోటి వేసెయ్. నాకు ఇక్కడే ఉప్పు లేని పప్పు తిన్నట్టు అనిపించింది. లిఫ్ట్ సమస్య తీసేస్తే 40వ అంతస్తుకీ 4వ అంతస్తుకీ తేడా ఏముంది? ఎత్తు అనేది ఒక బొమ్మగా మిగిలిపోతుంది. అడ్డంగా 40 షాపుల వీధి కట్టినా అదే ఆట.

అన్నిట్లోనూ ఉన్న లోపాలు

మొదటిది, చివరి సగం ఖాళీ. మొదటి రెండు మూడు గంటలు ప్రతి రూపాయీ లెక్కే. తర్వాత డబ్బు దానంతట అదే వస్తుంది. సిమ్‌టవర్‌లో కూడా చాలామంది చేసే పని స్పీడ్ పెంచి టీ తాగడానికి పోవడం. తిరిగొస్తే ఖజానా నిండి ఉంటుంది. ఓడిపోయే భయం లేనప్పుడు గెలుపుకి రుచి ఉండదు.

రెండోది, ఈ బిల్డింగులు ముసలివి కావు. గోడలకి తేమ పట్టదు, పైపు లీక్ అవ్వదు, 15 ఏళ్ల లిఫ్ట్‌కి స్పేర్ పార్ట్ దొరక్క ఆగిపోదు. అసలు బిల్డింగ్ మేనేజ్‌మెంట్ అంటే కట్టడం కాదు, కట్టింది నిలబెట్టుకోవడం. కోడ్ కూడా అంతే కదా. ఫీచర్ రాయడం రెండు వారాలు, దాన్ని మెయింటైన్ చేయడం ఐదేళ్లు. ఆ ఐదేళ్లని ఏ టవర్ గేమూ గట్టిగా పట్టుకోలేదు.

మూడోది, గేమే కనపడకుండా పోవడం. సిమ్‌టవర్ 16 బిట్ ప్రోగ్రామ్, ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు, మధ్యలో వేరే టూల్ కావాలి. నింబుల్‌బిట్ తీసిన స్టార్ వార్స్ టవర్ గేమ్ టైనీ డెత్ స్టార్ 2013లో వచ్చింది, 2014లోనే స్టోర్ల నుంచి మాయమైంది. మనం నెలల తరబడి కట్టిన టవర్ కింద ఉన్న స్థలం మనది కాదన్నమాట.

ఎర్రబడని మనిషి

నాలుగో లోపం నాకు గేమ్‌లో కాదు, మా అపార్ట్‌మెంట్‌లో తెలిసింది.

నేను అద్దెకుండేది 14వ ఫ్లోర్. రెండు లిఫ్టులు. పోయిన వేసవిలో ఒకటి పాడై పది రోజులు అలాగే ఉంది. సరిగ్గా అప్పుడే అమ్మ ఖమ్మం నుంచి వచ్చింది. చేతిలో పచ్చళ్ల డబ్బాలున్న సంచి, మోకాళ్ల నొప్పి. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నా. ఉన్న ఒక్క లిఫ్ట్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ బీరువాలు దించుతున్నారు. అమ్మ అరగంట నిలబడి, ఇక లాభం లేదని మెట్లెక్కడం మొదలుపెట్టింది. ఐదో ఫ్లోర్ మెట్ల మీద కూర్చుండిపోతే, వాటర్ క్యాన్ భుజాన వేసుకుని ఎక్కుతున్న అబ్బాయి చూసి, క్యాన్ అక్కడే దించి, ఆ సంచి పైకి తెచ్చిపెట్టాడట. సాయంత్రం నేనొచ్చి "ఫోన్ చేయొచ్చు కదమ్మా" అంటే, "నీ పనిలో నువ్వున్నావు, ఫర్లేదులే నాన్నా" అంది.

గేమ్‌లో అయితే అమ్మ ఎర్రగా మారేది. నాకు కనపడేది, ఇంకో లిఫ్ట్ వేసేవాణ్ని. సిమ్‌టవర్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లు విసిగిపోతే వెళ్లిపోతారు, మనం వాళ్ల డబ్బు వెనక్కివ్వాలి. ఇలాంటి రీఫండ్ పాలసీ నేను బయట ఏ బిల్డర్ దగ్గరా వినలేదు! బయట జనం 20 ఏళ్ల లోన్ పెట్టి కొంటారు. ఎర్రబడినా ఎక్కడికీ పోలేరు. మెట్లెక్కుతారు, సర్దుకుంటారు, ఫర్లేదులే అంటారు. ఆ వాటర్ క్యాన్ అబ్బాయి అయితే లిఫ్ట్ పనిచేసే రోజుల్లో కూడా చాలాసార్లు సర్వీస్ లిఫ్ట్ కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు. ఏ టవర్ గేమ్ జనాభా లెక్కలోనూ అతను లేడు.

ఈ గేమ్స్‌లో అసంతృప్తికి ఒకటే అర్థం: అద్దె పోవడం. ఉండి భరించడం అనేది వాటికి తెలీదు. అలా భరించేవాళ్లని కూడా లెక్కలోకి తీసుకునే టవర్ గేమ్ ఎవరైనా తీస్తే, దానికి చివరి సగం ఖాళీగా ఉండదని నా నమ్మకం. ఎందుకంటే ఆ సమస్యలు అయిపోవు.

ఇంతకీ ఏది ఆడాలి?

పీసీ ఉండి, ఈ జానర్ కొత్తయితే: ప్రాజెక్ట్ హైరైజ్. లిఫ్ట్ విషయంలో నిరాశపరిచినా నేర్చుకోవడం సులువు, స్టీమ్ సేల్‌లో దొరికితే ఇంకా మంచిది. సాండ్‌బాక్స్ కాకుండా సినారియోలతో మొదలుపెట్టండి.

లిఫ్ట్ పజిల్ మీద మోజుంటే: సిమ్‌టవర్. నడిపించడానికి కొంచెం తిప్పలు పడాలి, గ్రాఫిక్స్ పాతవే. కానీ 30 ఏళ్లు దాటినా లిఫ్ట్‌ని ఇంత సీరియస్‌గా తీసుకున్న గేమ్ నాకు ఇంకోటి కనపడలేదు.

ఫోన్‌లోనే కావాలంటే: టైనీ టవర్. ముద్దుగా ఉంటుంది, జోకులు బాగుంటాయి. రెండే షరతులు. ఇన్‌స్టాల్ చేయగానే నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి. కార్డ్ డీటెయిల్స్ దగ్గరకి వేలు పోనివ్వకండి. ఆన్‌కాల్ ఉన్న వారం అసలు ముట్టుకోకండి, ఇది నా అనుభవం.

నేను మాత్రం ఈ వీకెండ్ మళ్లీ సిమ్‌టవర్ తెరిచాను. ఈసారి రూల్ ఒకటే పెట్టుకున్నా. కొత్త ఫ్లోర్ వేసే ముందు, ఉన్న ఫ్లోర్లలో ఎవరూ ఎర్రగా ఉండకూడదు. డబ్బు నెమ్మదిగా వస్తోంది, స్టార్లు ఆలస్యమవుతున్నాయి. టవర్ ఇంకా 31 అంతస్తుల దగ్గరే ఉంది. కానీ 9:40కి లాబీలో క్యూ లేదు.